నీటి అడుగున రాకాసిగుళ్ళు: కృష్ణా ముంపులో బృహత్ శిలాయుగ సమాధులు

పెద్ద రాళ్ళను వలయంగా పేర్చి, నడుమ గోతిలో మృతుల అస్థికలను, ఎరుపు నలుపు కుండలను, ఇనుప పనిముట్లను ఉంచి కప్పిన కట్టడాలను చరిత్రకారులు బృహత్ శిలాయుగ సమాధులంటారు. తెలుగు పల్లెల్లో వాటికున్న పేర్లు వేరు: రాకాసిగుళ్ళు, పాండవగుళ్ళు. అంతటి రాళ్ళను ఎత్తడం మానవమాత్రులకు సాధ్యం కాదన్న విస్మయం మొదటి పేరులో ఉంది. భారతకథతో ముడిపెట్టుకొన్న ఊహ రెండవదానిలో ఉంది. రెంటిలోనూ శవప్రసక్తి లేదు. ఆ పేర్లు పుట్టేనాటికే అవి సమాధులన్న జ్ఞాపకం జనంలో చెరిగిపోయి ఉంటుందని భావించవచ్చు.

ఫ్రాన్సు పశ్చిమ తీరాన ఎర్ లానిక్ దీవిలోని శిలావలయాలను పెరిగిన సముద్రమట్టం ముంచింది. తెలుగునేలపై ఆ పని ఆనకట్ట చేసింది. 1926లో వెలుగుచూసిన నాగార్జునకొండ లోయ జలాశయంలో మునగనుండటంతో, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిగాయి. నాగార్జునసాగర్ శంకుస్థాపన 1955 డిసెంబరు 10న జరిగింది. అంటే ఒకవైపు తవ్వకం, మరొకవైపు కట్టడం. ఆవలి గట్టున, నల్లగొండ జిల్లా ఏలేశ్వరంలో మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ జరిపిన తవ్వకాలలోనూ ఈ సమాధులు బయటపడ్డాయి. ఆ గ్రంథం 1963లో వచ్చింది.

ఇక్ష్వాకుల కట్టడాలతో పాటు ఒక బృహత్ శిలా సమాధిని కూడా కొండపైకి తరలించి పునర్నిర్మించారు. ఈ రెండు తరలింపులను ఒకే గాటన కట్టడం సరికాదు. చైత్యాన్ని ఇటుకల అమరిక, శాసనాలు పట్టి ఇస్తాయి. సమాధికి శాసనం లేదు; దానికున్న సాక్ష్యమంతా గోతిలోని మట్టి పొరలు, అస్థికల అమరిక, చుట్టుపక్కల సమాధులతో దానికున్న సంబంధం. ఇవేవీ లాంచీ ఎక్కి కొండకు రాలేదు. నేటి యాత్రికుడు చూసేది మృతుడు లేని సమాధిని. స్పెయిన్‌లో 1963 నాటి జలాశయంలో మునిగిన గ్వాదల్‌పెరల్ శిలలను ఎవరూ కదపలేదు కనుకనే, 2019 కరవులో అవి ఉన్నచోటనే తిరిగి కనిపించాయి.

తవ్వకాల నివేదికలలో సమాధులకు అంకెలుంటాయి, పేర్లుండవు. పుల్లారెడ్డిగూడెం వంటి ఊళ్ళు లోయను వదలడంతో, ఆ రాళ్ళను రోజూ చూస్తూ పశువులు మేపుకొన్నవారు కూడా చెదిరిపోయారు. ఏ గుట్టను ఏమని పిలిచేవారో, ఏ వలయం దగ్గరకు పిల్లలను వెళ్ళనిచ్చేవారు కాదో చెప్పగలిగినది వారే. లోయ వదిలేనాటికి పదేళ్ళున్నవారికి ఇప్పుడు డెబ్బై దాటాయి.