పాత కారు వైరింగు: ఫ్యూజు పదేపదే పోతుంటే ఏం చూడాలి?

హనుమంతునిపాడు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు చాలా ఇళ్లకు పాత కారే ఆధారం. అంబాసిడర్, మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. ఓమ్ని తయారీ 2019లో ఆగింది. అయినా ఆసుపత్రికి వెళ్లాలన్నా, ఈద్‌కు బంధువుల ఇంటికి పిల్లలతో బయల్దేరాలన్నా ఆ బండ్లే తీయాలి. ఇలాంటి కార్లలో ఇంజను బాగానే నడుస్తున్నా వైరింగు మొరాయిస్తుంది. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే నల్లమల ఘాట్‌లో రాత్రిపూట హెడ్‌లైట్లు ఆరిపోతే ప్రాణాల మీదికి వస్తుంది. వైరు వేడెక్కి మంట లేస్తే ఇంకా ప్రమాదం.

ఫ్యూజు పోయిందంటే అక్కడ ఏదో లోపం ఉందని అర్థం. ఆ లోపం వెతక్కుండా పెద్ద ఫ్యూజు వేస్తే ప్రమాదాన్ని చేజేతులా తెచ్చుకున్నట్టే.

వైర్లు ఎందుకు పాడవుతాయి?

ఏళ్ల తరబడి ఎండకు, ఇంజను వేడికి వైరు మీది ప్లాస్టిక్ గట్టిపడి పగులుతుంది. కనెక్టర్లలోకి దుమ్ము, తేమ చేరి రాగి మీద పచ్చటి తుప్పు పడుతుంది. బండి చాలా రోజులు కదలకపోతే ఎలుకలు కొరుకుతాయి. వీటికి తోడు మ్యూజిక్ సిస్టం, పెద్ద హారన్, ఫాగ్ లైట్ల కోసం పాత యజమానులు వేయించిన అతుకులు ఉంటాయి. వైరు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు వేడికి జిగురు కరిగి ఊడిపోతుంది. చాలా లోపాలు అలాంటి చోటే దొరుకుతాయి.

వెతకడానికి ఒక టెస్ట్ ల్యాంపు, ఒక డిజిటల్ మల్టీమీటర్ చాలు. రెండూ కొన్ని వందల రూపాయల్లో వస్తాయి.

ముందు బ్యాటరీ

బండి కొన్ని గంటలు ఆపి ఉంచాక బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజి చూడాలి. 12.6 ఉంటే ఛార్జింగ్ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. సెల్ఫ్ కొట్టేటప్పుడు అది తొమ్మిదిన్నర కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ బలహీనపడిందనో, సెల్ఫ్ మోటారు ఎక్కువ కరెంటు లాగుతోందనో అనుమానించాలి.

ఇంజను నడుస్తున్నప్పుడు మీటరు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. 13 కూడా దాటకపోతే డైనమో, అంటే ఆల్టర్నేటర్, లేదా దాని బెల్టు చూపించుకోవాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు. దానివల్ల బల్బులు తరచుగా మాడిపోతాయి, బ్యాటరీ ఉడికిపోతుంది.

టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి ఉంటే వంటసోడా కలిపిన వేడి నీళ్లతో కడగాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర్లో పెట్టాలి. ప్లస్ ముందు విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

తర్వాత ఎర్త్

కారులో ప్రతి లైటుకూ వేరే మైనస్ వైరు బ్యాటరీ దాకా రాదు. కరెంటు బాడీ ఇనుము ద్వారానే తిరిగి వస్తుంది. బాడీకి, ఇంజనుకు, బ్యాటరీ మైనస్‌కు మధ్య ఉన్న ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా, వదులైనా చిత్రమైన లక్షణాలు కనిపిస్తాయి. ఇండికేటర్ వేస్తే వెనక లైటు కూడా మిణుకుతుంది. బ్రేకు తొక్కితే వేరే లైటు మసకబారుతుంది. బ్యాటరీ కొత్తదైనా సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది. ఇది గమనించక చాలామంది ముందు బల్బులు మార్చి, ఆ తర్వాత బ్యాటరీ మార్చి డబ్బు పోగొట్టుకుంటారు.

పరీక్ష తేలికే. మీటరు ఎర్ర పిన్ను ఇంజను ఇనుముకు, నల్ల పిన్ను బ్యాటరీ మైనస్‌కు ఆనించి, ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టించాలి. 0.2 వోల్టుల లోపు ఉంటే పట్టీ బాగున్నట్టు. 0.5 దాటితే పట్టీ విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన వాజిలిన్ రాయాలి.

ఫ్యూజు లెక్క

చాలా కార్లలో ఉండే ప్లాస్టిక్ ఫ్యూజుల్లో ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. రెండు హెడ్‌లైట్లు 60 వాట్ల చొప్పున వెలిగితే మొత్తం 120 వాట్లు. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 10 ఆంపియర్లు. అందుకు తగ్గ వైరును, ఆ వైరు మాడకముందే పోయే ఫ్యూజును కంపెనీ పెడుతుంది. 15 ఉన్న చోట 30 వేసినా, రాగి తీగ చుట్టినా, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం పెట్టినా షార్ట్ అయినప్పుడు ఫ్యూజు పోదు. దాని బదులు వైరే కాలుతుంది. ఆ వైరు పక్కనే పెట్రోలు పైపు ఉండొచ్చు.

కొత్త ఫ్యూజు వేసిన ప్రతిసారీ పోతుంటే ఉస్తాదులు ఒక పద్ధతి వాడతారు. ఫ్యూజు తీసేసి ఆ రెండు కొనల మధ్య 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు కలుపుతారు. ఆ లైనులోని పరికరాలన్నీ ఆపి ఉంచాలి. షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది. కానీ రెండు ఆంపియర్లకు మించి కరెంటు పారదు కాబట్టి వైరు కాలదు. అప్పుడు ఒక్కో కనెక్టర్ ఊడదీస్తూ, వైర్లు కదిలిస్తూ పోవాలి. బల్బు ఎక్కడ ఆరితే లోపం అక్కడే.

హెడ్‌లైట్లు మసకగా ఉంటే

లైటు వేసి బ్యాటరీ దగ్గర వోల్టేజి, బల్బు హోల్డర్ దగ్గర వోల్టేజి పోల్చి చూడాలి. తేడా ఒక వోల్టు దాటితే స్విచ్, కనెక్టర్, ఎర్త్ ఈ మూడింటిలో ఏదో ఒక చోట కరెంటు పోతోంది. రిలే లేని పాత బండ్లలో హెడ్‌లైటు కరెంటు మొత్తం స్టీరింగు దగ్గరి స్విచ్ గుండానే పారుతుంది. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టి రిలేతో వేరే వైరు వేయిస్తే స్విచ్ మీద భారం తగ్గుతుంది. అలా చేయకుండా 100 వాట్ల బల్బులు పెడితే హోల్డర్ కరిగిపోతుంది.

తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంటే

తాళం తీసేసి, తలుపులు మూసి, మైనస్ కేబుల్ విప్పి, ఆ కేబుల్‌కు టెర్మినల్‌కు మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో కలపాలి. ఆ సమయంలో సెల్ఫ్ కొట్టకూడదు, కొడితే మీటరు పోతుంది. 0.05 ఆంపియర్ల లోపు ఉంటే భయం లేదు. అర ఆంపియర్ లాగుతుంటే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో పూర్తిగా ఖాళీ అవుతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటి తీస్తూ పోతే ఏ లైను లాగుతోందో తెలుస్తుంది. ఎక్కువగా దొరికేవి డిక్కీ లైటు, మ్యూజిక్ సిస్టం, బయట వేయించిన అలారం.

కాలిన వాసన వస్తే

బండి పక్కకు ఆపి, ఇంజను ఆపి, ముందు పిల్లల్ని, పెద్దవాళ్లను దూరంగా దించాలి. గ్యాస్ కిట్టు ఉంటే, దగ్గరికి వెళ్లడం ప్రమాదం కాకపోతే, సిలిండర్ వాల్వ్ కట్టేయాలి. బోనెట్ కింద మంట ఉందనిపిస్తే ఒక్కసారిగా పైకెత్తకూడదు, గాలి తగిలి మంట పెరుగుతుంది. పెట్రోలు మంట మీద నీళ్లు పోయకూడదు. డ్రై పౌడర్ సిలిండర్ ఒకటి సీటు కింద ఉంచుకోవడం మంచిది.

కొనేటప్పుడు, అమ్మేటప్పుడు

సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడు ఫ్యూజు బాక్సు మూత తీయండి. మూత మీద ముద్రించిన నంబరుకు, లోపల ఉన్న ఫ్యూజుకు తేడా ఉంటే, తీగ చుట్టి ఉంటే, ఆ బండిలో తీరని లోపం ఉండొచ్చని అడగాలి. అమ్మేవారి బాధ్యత ఇంకా ఎక్కువ. సరుకులోని లోపాన్ని, అంటే ఐబ్‌ను, దాచి అమ్మడం ఇస్లాంలో నిషిద్ధం. దాచిన లోపం తర్వాత బయటపడితే సరుకు తిరిగిచ్చే హక్కు కొన్నవారికి ఫిఖ్‌లో ఉంది. దాన్నే ఖియార్-ఉల్-ఐబ్ అంటారు. వైరింగు లోపం పైకి కనిపించేది కాదు కాబట్టి, ఏ లైనులో ఏ మరమ్మతు జరిగిందో, ఏది ఇంకా మిగిలిందో ఒక కాగితం మీద రాసి తాళంతో పాటు ఇవ్వాలి. ఆ కారులో రేపు ప్రయాణించేది ఇంకో కుటుంబం.