పేగుల వాపు వ్యాధిలో ప్రొబయోటిక్స్ వలన ఇన్ఫెక్షన్లు

ప్రొబయోటిక్స్ అనగా తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు. లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం అనే బాక్టీరియాలు, శాక్రోమైసిస్ బౌలార్డీ అనే ఈస్టు వీటిలో ముఖ్యమైనవి. ఆరోగ్యవంతులకు వీటివలన హాని కలగడం చాలా అరుదు. అయితే పేగుల వాపు వ్యాధి, అనగా అల్సరేటివ్ కొలైటిస్ లేదా క్రోన్స్ వ్యాధి, ఉన్న కొందరిలో ఇవే జీవులు రక్తంలో చేరిన సంఘటనలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి.

కారణాలు

పేగులోని సూక్ష్మజీవులు రక్తంలోకి పోకుండా పేగు లోపలి పొర అడ్డుగోడవలె పనిచేస్తుంది. వ్యాధి ఉధృతమైనప్పుడు ఈ పొర పుండ్లు పడి చెదురుతుంది. చికిత్సకు వాడే స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందులు వ్యాధినిరోధక శక్తిని తగ్గిస్తాయి. గోడకు గండి పడిన సమయంలోనే కాపలా కూడా పలచబడుతుందన్నమాట.

2013లో ప్రచురితమైన ఒక నివేదిక ఇందుకు మంచి ఉదాహరణ. అల్సరేటివ్ కొలైటిస్‌కు స్టెరాయిడ్లు, ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకుంటున్న 17 ఏళ్ల యువకుడికి ప్రొబయోటిక్ మొదలుపెట్టిన వారానికి చలిజ్వరం వచ్చింది. రక్తంలో పెరిగిన బాక్టీరియా, అతడు మింగిన గుళికలోని లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జిజి ఒకటేనని జన్యు పరీక్షలో తేలింది.

ఈస్టు మరో దారిలో కూడా ప్రవేశిస్తుంది. పొట్లం విప్పినప్పుడు లేచే పొడి, చేతులకు అంటిన పొడి పెద్ద సిరలో అమర్చిన గొట్టం ద్వారా రక్తంలోకి చేరవచ్చు. అటువంటి గొట్టం ఉన్నవారికి, నిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఈ ఈస్టును ఇవ్వరాదని ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ నిపుణులు 2017లో సూచించారు.

ప్రమాదం ఎంత?

1990 నుండి ఫిన్‌లాండ్‌లో రామ్నోసస్ జిజి వాడకం బాగా పెరిగినా, రక్తంలో లాక్టోబాసిల్లస్ కనిపించే కేసులు పెరగలేదని 2002లో వెలువడిన పరిశీలన తెలిపింది. కనుక భయం అందరికీ అక్కరలేదు. కాని ప్రయోజనం కూడా స్వల్పమే: కొలైటిస్, క్రోన్స్ రోగులకు ప్రయోగాత్మక అధ్యయనాలలో తప్ప వీటిని వాడవద్దని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో సిఫారసు చేసింది. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులోనూ లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాలే ఉంటాయి గాని, వాటి రకమూ సంఖ్యా నిర్ణీతం కావు. దానిని ఈ మందులతో సమానంగా లెక్కించరు.

నిర్ధారణ, చికిత్స

రక్తపరీక్షలో లాక్టోబాసిల్లస్ కనిపిస్తే ప్రయోగశాలలో జరిగిన కల్తీగా భావించి వదలివేసే అవకాశముంది. జ్వరాన్ని వ్యాధి తిరగబెట్టడంగా పొరబడితే స్టెరాయిడ్ మోతాదు పెంచడం జరుగుతుంది, దానితో ఇన్ఫెక్షన్ ముదురుతుంది. రోగి ప్రొబయోటిక్ వాడుతున్న సంగతి వైద్యునికి తెలియడం ఇక్కడే కీలకం. రామ్నోసస్‌పై వాంకోమైసిన్ పనిచేయదు. పెన్సిలిన్ తరగతి మందులు సాధారణంగా పనిచేస్తాయి. ఈస్టు శిలీంధ్రం కనుక దానికి శిలీంధ్రనాశకాలు ఇచ్చి, సిరలోని గొట్టాన్ని తొలగిస్తారు.