అర పాయింటు వెనక కథ

మలయ్ భాషలో డ్రా అయిన ఆటని "సెరి" అంటారు. తెలుగు చెవికి అది "సరి" అన్నట్టే వినిపిస్తుంది. అయినా మలేసియాలో పిల్లల్ని చదరంగం పోటీలకి తీసుకెళ్ళే మన తల్లిదండ్రులకి ఆ మాట అంతగా రుచించదు. "గెలిచావా, ఓడావా?" అనే అడుగుతాం.

చదరంగం ఈ గడ్డకి పాత చుట్టమే. మలయ్ ఆటలో రాజుని "రాజా" అనీ, మంత్రిని "మెంతెరి" అనీ, ఏనుగుని "గాజా" అనీ పిలిచారు. మూల గడిలో ఉండే "తిర్" మన "తేరు"కి తోబుట్టువైన తమిళ మాట. బంటు పేరు "బిడాక్" మాత్రం పారశీకం నుంచి వచ్చింది. ఆట ఏ ఓడల మీద వచ్చిందో ఆ పేర్లే చెబుతాయి.

పిల్లల ఆటల్లో తరచు కనిపించే డ్రా ఒకటుంది. ఒకరి దగ్గర మంత్రి ఉంటుంది, రెండోవాళ్ళకి ఒంటి రాజే మిగులుతాడు. గెలుపు తొందరలో, షా చెప్పకుండానే రాజుకి అన్ని గడులూ మూసేస్తారు. వెయ్యడానికి ఎత్తు లేదు. అదే స్టేల్‌మేట్, చెరో అర పాయింటు. ఒకరు కళ్ళు తుడుచుకుంటారు, ఇంకొకరు నమ్మలేక చూస్తారు.

ఈ తీర్పు మొదటినించీ ఉన్నది కాదు. అరబ్బుల షత్రంజ్‌లో అలా చిక్కిన రాజు ఓడినట్టే. భారతదేశంలో మాత్రం చిక్కినవాడే గెలిచినట్టని తొమ్మిదో శతాబ్దపు ఆటగాడు అల్ అద్లీ చెప్పాడు. ఇంగ్లండులో కూడా రెండు వందల ఏళ్ళపాటు, పందొమ్మిదో శతాబ్దం మొదలయ్యేదాకా, చిక్కించినవాడికే ఓటమి. ఆ తరవాతే "ఇద్దరికీ సగం" అన్న మాట స్థిరపడింది.

ఆ సగం విలువ ఎంతో గుడివాడలో పుట్టిన కోనేరు హంపి ఆట చూస్తే తెలుస్తుంది. 2001లో ప్రపంచ జూనియర్ బాలికల విజేత ఆమె. 2002లో చైనా అమ్మాయి జావో షూయెతో సమానంగా పాయింట్లు తెచ్చుకుంది. టైబ్రేక్ లెక్కలో రెండో స్థానం వచ్చింది. ఇంకొక్క అర పాయింటు ఉంటే ఆ లెక్కే అక్కర్లేకపోయేది.

ఫలితాల పట్టికలో అన్ని అర పాయింట్లూ ఒకేలా ఉంటాయి. ఒకటి చేజారిన గెలుపు, ఇంకొకటి ఓటమి నోట్లోంచి లాక్కొచ్చుకున్నది. పిల్లలు "సెరి" అంటూ బయటికొస్తే, మొహం చిన్నబుచ్చుకోకుండా వాళ్ళు ఎత్తులు రాసుకున్న కాగితం అడిగి చూడండి. అది ఏ రకం సగమో అందులో ఉంటుంది.