చిల్లగింజ నుంచి పెసర పొట్టు దాకా: తేట నీళ్లన్నీ మంచినీళ్లేనా?

మీ ఇంట్లో నాపబండలు పరిచి ఉంటే ఒకసారి కిందికి చూడండి. అవి మా బేతంచెర్ల నుంచి వచ్చినవే కావొచ్చు. ఆ బండ అంటే సున్నపురాయి. మా ఊరి కింద ఉన్నది కూడా అదే. అందుకే ఇక్కడ బోరు నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లగా పొర కడుతుంది, కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. ఈ సున్నం సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఈరోజు టాపిక్ ఏంటంటే, మునగ గింజల పొడి వేస్తే నీళ్లలోని సీసం, కాడ్మియం అన్నీ పోతాయని చెప్పే వీడియోలు మీరూ చూసే ఉంటారు. అందులో నిజం ఎంత? ఇది తెలియాలంటే కొంచెం చరిత్రలోకి పోవాలి.

వాగు నీళ్లు, చెరువు నీళ్లు తాగే రోజుల్లో మనోళ్లు చిల్లగింజ వాడేవాళ్లు. గింజను రాతి మీద అరగదీసి, ఆ గంధం కడవలో కలిపితే బురద అడుక్కు పోయి పైన తేట మిగులుతుంది. సుశ్రుత సంహితలో నీళ్లను తేర్చే వస్తువుల్లో ఇదే గింజ ‘కతకం’ పేరుతో కనిపిస్తుంది. సూడాన్‌లో నైలు నది ఒడ్డున ఆడవాళ్లు ఇదే పని మునగ గింజలతో చేసేవాళ్లు. సామియా అల్ అజారియా జాన్ అనే పరిశోధకురాలు 1970ల నుంచి దాన్ని ల్యాబ్‌లో పరీక్షించి, పద్ధతి పనిచేస్తుందని చూపించారు. మట్టి రేణువులకు మైనస్ ఛార్జి ఉంటుంది, మునగ గింజలోని ప్రొటీన్‌కు ప్లస్ ఛార్జి. రెండూ అతుక్కుని, ముద్దకట్టి, బరువెక్కి కిందికి దిగుతాయి.

కానీ ఇక్కడ పోయింది బురద. సీసం అలా కాదు, ఉప్పులాగా నీళ్లలో కరిగిపోయి ఉంటుంది. ఆ మోతాదులో దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అంత కొంచెం. కాబట్టి తేట వేరు, మంచినీళ్లు వేరు.

కరిగినదాన్ని పట్టే దారి ఇంకోటి ఉంది, బొగ్గు. 1785లో రష్యాలో లోవిట్స్ అనే ఔషధాల నిపుణుడు, బొగ్గు ద్రావణాల రంగును లాగేస్తుందని గమనించాడు. ఇలా పదార్థాలు ఇంకో వస్తువు ఉపరితలానికి పట్టుకోవడాన్నే మనం అధిశోషణం అంటాం. ఆ మాటకు ఇంగ్లీషులో ఉన్న పేరు 1881లో జర్మన్ శాస్త్రవేత్త కైజర్ వాడుకలోకి తెచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల ముసుగుల కోసం అమెరికాలో జనం పండ్ల టెంకలు, కాయల పెంకులు పోగుచేసి ఇచ్చారు, బొగ్గు చేయడానికి. బాగా తయారుచేసిన బొగ్గు ఒక్క గ్రాములో, సన్న రంధ్రాల లోపలి గోడలన్నీ పరిస్తే, సుమారు 1000 చదరపు మీటర్లు వస్తుంది. అంటే దాదాపు 25 సెంట్ల స్థలం!

ఇప్పుడు మన సీమకు వద్దాం. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో కె. శేషయ్య గారి బృందం మన చుట్టూ దొరికే చెత్తనే తీసుకుంది. 2006లో తెల్లబూరుగ కాయల డొల్లలతో చేసిన బొగ్గుతో రాగి, కాడ్మియం తీయడం మీద పేపర్ వేశారు. 2009లో పెసర పొట్టు బొగ్గు. 2010లో మునగ బెరడు పొడితో సీసం. బెరడు గ్రాముకు సుమారు 34 మిల్లీగ్రాముల సీసం పట్టింది, పీహెచ్ 5 దగ్గర. అది పులుపు వైపు ఉండే నీళ్లు. మనం పారేసే పొట్టుకు ఇంత బలం ఉందంటే నాకు నిజంగా గర్వంగా అనిపించింది.

మరి అదే పొడి మా కడవలో వేస్తే? ఇక్కడే సున్నం అడ్డొస్తుంది. బెరడు పొడిని ఆర్టీసీ బస్సు అనుకోండి, సీట్లు లెక్కగానే ఉంటాయి. మా బోరు నీళ్లలో సున్నం తాలూకు కాల్షియం గుంపులు గుంపులుగా ఉంటుంది. తాగునీటిలో 75 మిల్లీగ్రాముల దాకా ఉన్నా ఫర్వాలేదంటారు, అంటే సీసం హద్దుకు 7500 రెట్లు. సీసానికి అతుక్కునే బలం ఎక్కువే, కానీ అప్పటికే వేలమంది సీట్ల మీద తువ్వాళ్లు వేసుకుని కూర్చుని ఉన్నారు. పైగా మా నీళ్లు పులుపు వైపు కాదు, సున్నం వైపు. టెస్టింగ్‌లో పాసైన కోడ్ ప్రొడక్షన్‌లో పడిపోవడం నా పాత ఉద్యోగంలో రోజూ చూసేవాణ్ణి. ఇదీ అంతే.

ఇంకో చిక్కు. సీట్లు నిండాయని ఆ పొడి మనకు చెప్పదు. నిండిన పొడిని పెరట్లో పారేస్తే, పట్టిన లోహం మళ్లీ మట్టిలోకే, బోరులోకే.

అందుకని ఈ పొట్టు పనికిరాదని కాదు, దాని చోటు వంటిల్లు కాదు. లోహపు పూత వేసే వర్క్‌షాపులు, బ్యాటరీ కార్ఖానాల నుంచి వ్యర్థ జలం బయటికొచ్చే గొట్టం దగ్గర దానికి పని ఉంది. అక్కడ లోహం ఎక్కువ, పీహెచ్‌ను సరిచేయొచ్చు, నిండిన పొడిని ఒకచోట చేర్చి జాగ్రత్త చేయొచ్చు. లోహం భూమిలోకి దిగకముందే ఆపడం చవక, దిగాక ఊరూరా తీయడం ఖర్చు.

మీ బోరు మీద అనుమానం ఉంటే ముందు చేయాల్సింది పరీక్ష. టీడీఎస్ మీటర్ ముంచి నంబర్ చూస్తే సరిపోదు, అది కరిగిన లవణాలన్నీ కలిపి చెప్పే లెక్క, అందులో 0.01 మిల్లీగ్రాము సీసం కనపడదు. ల్యాబ్‌కు శాంపిల్ ఇచ్చేటప్పుడు సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అని పేరు పెట్టి అడగండి. ఎవరైనా ఏదో పొడి అమ్మడానికి వస్తే ఒక్క ప్రశ్న వేయండి: ‘అన్నా, దీన్ని ఏ నీళ్లలో పరీక్షించారు?’