జాబితాల వెంట నూరేళ్లు

హనుమకొండ నుంచి కరీంనగర్ రోడ్డు పట్టుకుని భీమారం దాటితే ఎర్రగట్టు గుట్ట. ఆ గుట్ట దగ్గరే 1980లో మొదలైన కిట్స్ కాలేజీ. హసన్‌పర్తి మండలంలోనే, అనంతసాగర్‌లో, 2002లో ఇంజనీరింగ్ కాలేజీగా పుట్టి 2020లో యూనివర్సిటీ అయిన ఎస్‌ఆర్. ఒక్క మండలంలో ఇన్ని ఇంజనీరింగ్ సీట్లుంటే అక్కడి మాటలు కూడా మారతాయి. మూడో ఏడాదికల్లా హాస్టల్ గదుల్లో విదేశీ చదువుల స్కోరు, బ్యాండు, ఇన్‌టేక్ అన్న మాటలు వినిపిస్తాయి. ఫాల్‌కు పోవాలా, స్ప్రింగ్‌కు పోవాలా అన్న తర్జనభర్జన మొదలవుతుంది. దాంతోపాటు ఒక వర్డ్ లిస్టు సీనియర్ నుంచి జూనియర్‌కు చేతులు మారుతుంది.

జీఆర్ఈ, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్‌లలో మన పిల్లలు తడబడేది శాస్త్ర పదాల దగ్గర కాదు. ఇండక్టెన్స్, ఎంట్రోపీ వాళ్లకు నోటికొచ్చినవే. క్రికెట్ కామెంటరీ ఇంగ్లీషూ వచ్చినదే. ఈ రెంటికీ మధ్యన ఒక పొర ఉంది: హైపాథసిస్, సిగ్నిఫికెంట్, డిరైవ్, ఇంప్లై లాంటివి. ఏ ఒక్క సబ్జెక్టుకూ చెందవు గానీ ఏ సబ్జెక్టులోనైనా వాదన నడిచేది వీటితోనే. ఆ పొర మనకెందుకు అందలేదో తెలియాలంటే చాలా వెనక్కి పోవాలి.

ఇంటి భాష ఒకటీ చదువు భాష ఇంకొకటీ కావడం ఓరుగల్లు ప్రాంతానికి కొత్త కాదు. నిజాం కాలంలో ఆ చదువు భాష ఉర్దూ. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయం పై చదువులన్నీ ఉర్దూలోనే చెప్పింది. పాఠ్యపుస్తకాల కోసం అంతకు ముందు ఏడాదే అనువాద శాఖ పెట్టి, అరబ్బీ, ఫారసీల ఆధారంగా పారిభాషిక పదాలు తయారు చేయించారు. ఇంగ్లీషు తప్పనిసరే, కాకపోతే ఒక సబ్జెక్టుగా. తెలుగు పుస్తకం కావాలంటే హనుమకొండలో 1904 నాటి రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమే దిక్కు. 1938లో వందేమాతరం పాడినందుకు బహిష్కరణకు గురైన విద్యార్థుల్లో చాలామంది నాగపూర్ పోయి చదువుకున్నారు. హనుమకొండలో చదివిన పి.వి. నరసింహారావు వాళ్లలో ఒకరు. ఉర్దూ పాఠాల నుంచి ఉన్నట్టుండి ఇంగ్లీషు పాఠాల్లో పడ్డ ఆ కుర్రవాళ్లకు కోచింగ్ సెంటర్లు లేవు, పుస్తకాలున్నాయి. పీవీ తర్వాతి జీవితం చూస్తే ఆయనకు అవి చాలినట్టే ఉంది.

ఉస్మానియా తొలినాళ్లలోనే, అప్పటి ఈ దేశపు మరో మూల, పదాల జాబితా ఒకటి రూపుదిద్దుకుంటోంది. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలకు ముందు కావలసింది ఇంగ్లీషు చదవగలగడమని గట్టిగా నమ్మాడు. పాఠాల్లో అడుగడుగునా కొత్త మాట తగిలితే పిల్లవాడు చదవడం మానేస్తాడు. కాబట్టి ఏ మాటలు ఎక్కువ పనికొస్తాయో తేల్చి, వాటితోనే వాచకాలు రాయాలన్నాడు. ఆ దారిలో సాగిన పని చివరికి 1953లో సుమారు 2,000 పదాల జనరల్ సర్వీస్ లిస్ట్‌గా అచ్చయింది. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఒక్కటే: ఆ జాబితా పుస్తకాలు రాసేవాళ్ల కోసం పుట్టింది. పిల్లలు దాన్ని బట్టీ పట్టాలని వెస్ట్ అనుకోలేదు. పిల్లలు చదవాల్సింది దానితో రాసిన కథల్ని.

ఈ తేడా మన దగ్గరికి వచ్చేసరికి చెరిగిపోయింది.

పోలీసు చర్య తర్వాత ఉస్మానియా ఇంగ్లీషుకు మారింది. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వచ్చింది, నేటి ఇఫ్లూ అదే. 1959లో కాజీపేట పక్కన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ (ఆర్‌ఈసీ), 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. మధ్యలో, 1968లో, తెలుగు అకాడమి పుట్టి ఇంటర్‌కూ డిగ్రీకీ తెలుగులో పుస్తకాలు వేసింది. అవి మంచి పుస్తకాలు. త్వరణం, ద్రవ్యవేగం అంటూ భౌతికశాస్త్రం చదివిన పల్లెటూరి పిల్లవాడికి విషయం బాగానే పట్టుబడేది. ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి వారమే అదంతా ఇంగ్లీషులో మళ్లీ ఎదురయ్యేది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వంతెన వేసే పని ఏ సిలబస్సూ నెత్తిన వేసుకోలేదు. ఆ ఖాళీలోకే గైడ్లు, ఆల్ ఇన్ వన్‌లు వచ్చి కూర్చున్నాయి.

టోఫెల్ 1964లోనే మొదలైంది, ఐఈఎల్‌టీఎస్ 1989లో. అయినా చాలాకాలం అవి యూనివర్సిటీ క్యాంపస్‌ల సంగతే. వై2కే సందడిలో హైదరాబాద్‌లోని కోచింగ్ సెంటర్ల అడ్డా అమీర్‌పేట వెలిగింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ రావడంతో ఇంజనీరింగ్ సామాన్యుడి ఇంటికీ వచ్చింది. అదే ఏడాది హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచారు. వీసా కోసం చెన్నై రైలెక్కే బాధ తప్పింది, చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ ప్రదక్షిణలు మాత్రం తగ్గలేదు. ఆ కాలపు దిండు కింద పుస్తకం బ్యారన్స్, అందులో మూడున్నర వేల పదాలు. జీఆర్ఈలో వ్యతిరేక పదాలు అడిగే రోజులవి, కాబట్టి బట్టీకి ఫలితం ఉండేది. 2011లో ఆ ప్రశ్నలు తీసేశారు. మాట అర్థం తెలిస్తే చాలదు, పేరాలో అది చేసే పనీ తెలియాలన్నారు. పరీక్ష మారింది, మన బట్టీ మారలేదు. మూడున్నర వేల పదాలు ఫ్లాష్ కార్డులుగా మారి ఫోన్‌లోకి ఎక్కాయి, అంతే.

మనకు అందని ఆ మధ్య పొర మాటల జాబితా అంతకు ముందే తయారైంది. 2000లో న్యూజిలాండ్‌కు చెందిన ఏవరిల్ కాక్స్‌హెడ్ అకడమిక్ వర్డ్ లిస్ట్ ప్రకటించింది. 28 సబ్జెక్టుల నుంచి దాదాపు 35 లక్షల మాటల పాఠాలు జల్లెడ పట్టి, వెస్ట్ జాబితాలో ఉన్నవి వదిలేసి, 570 పద కుటుంబాలు తేల్చింది. చదువుల పాఠాల్లో నూటికి పది మాటలు వీటివే, అదే కథల్లో ఒకటిన్నర కూడా రావు. అంటే సినిమాలు చూసో, నవలలు చదివో ఇవి పట్టుబడవు. పాఠ్యపుస్తకంలోనే దొరకాలి. మన పిల్లలకు అంతకన్నా అనుకూలం ఏముంది? నాలుగేళ్లు ఇంగ్లీషు పుస్తకాల మధ్యనే కదా ఉండేది! కానీ పుస్తకం లైబ్రరీ బీరువాలో ఉంటుంది, పరీక్ష ముందు రాత్రి చదివేది జిరాక్స్ నోట్సు. ఆ నోట్సులో సూత్రం ఉంటుంది, డెరివేషన్ ఉంటుంది, వాటి నడుమ ఉండాల్సిన వాక్యాలు ఎగిరిపోతాయి. ఆ ఎగిరిపోయిన వాక్యాల్లోని మాటల్నే ఫైనలియర్‌లో డబ్బు కట్టి లిస్టు రూపంలో కొనుక్కుంటున్నాం.

కాక్స్‌హెడ్ జాబితా కింద వెస్ట్ రెండు వేల మాటల పునాది ఉందన్న సంగతీ కోచింగ్‌లో మరుగున పడుతుంది. పునాది మాటలతో ధీమాగా నాలుగు వాక్యాలు రాయలేని పిల్లవాడు బరువైన మాటలు గుప్పిస్తే ఐఈఎల్‌టీఎస్ ఎగ్జామినర్ ఇట్టే పసిగడతాడు. రైటింగ్ మార్కుల్లో పదసంపద వాటా పావు వంతు, అందులోనూ చూసేది మాట ఒదిగిందా లేదా అన్నదే.

2022 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా అచ్చేశారు. తెలుగు అకాడమి రోజుల్లో ఎవరూ వేయని వంతెన ఇదేనని నాకనిపిస్తుంది. ఆ ఏడు ఎనిమిదిలో ఉన్నవాళ్లు 2027లో ఇంజనీరింగ్‌లో చేరతారు. మధ్యలో ఇంటర్ రెండేళ్లుంది. దాని చివర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్: మూడు గంటలు, 160 ప్రశ్నలు, రాయాల్సిన వాక్యం ఒక్కటీ లేదు.