సీడీలు పోయాయి, షిల్లింగ్ పోయాడు

వేంపల్లెలో ఇప్పుడు ఖాళీ సీడీ కావాలంటే రెండు మూడు అంగళ్లు తిరగాల్సిందే. ఒకప్పుడు పెళ్లి ఆల్బమ్‌తో పాటు పెళ్లి సీడీ చేతిలో పెట్టకపోతే ఫోటోగ్రాఫరును వదిలేవాళ్లు కాదు. భక్తి పాటలూ సీడీలే, ఎలక్షన్ పాటలూ సీడీలే. అంగళ్లలో వాటిని రైట్ చేసింది ఎక్కువగా విండోస్ మీద, నీరో అనే ప్రోగ్రామ్‌తో. నీరో జర్మనీ సరుకు. లినక్స్ వాడేవాళ్లు నమ్ముకున్నదీ ఒక జర్మనీ మనిషినే. కాకపోతే వాళ్లలో చాలామందికి ఆయన పేరు తెలియదు.

బెర్లిన్‌వాసి యోర్గ్ షిల్లింగ్ 1996లో సీడీరికార్డ్ అనే ప్రోగ్రామ్ బయటపెట్టాడు. సోర్స్ కోడ్‌తో సహా, ఉచితంగా. సోలారిస్, ఫ్రీబీఎస్‌డీ, లినక్స్, దేని మీదైనా నడిచేది. ఏ కంపెనీ డ్రైవు మొండికేసినా దాన్ని లొంగదీసుకునే ఉపాయం అందులో ఉండేది. తెర మీద కేత్రీబీ లాంటి ప్రోగ్రాముల అందమైన కిటికీలు కనబడేవి గానీ, లోపల చాకిరీ అంతా దానిదే.

తగువు మొదలైంది చాలా చిన్న చోట: సీడీ డ్రైవును ఏ పేరుతో పిలవాలి? షిల్లింగ్ పద్ధతిలో మూడు అంకెలు ఇవ్వాలి, ‘1,0,0’ అన్నట్టు. ఆ అంకెలు తెలియకపోతే ముందు ఇంకో ఆదేశమిచ్చి వెతికించుకోవాలి. అన్ని సిస్టమ్‌లకూ ఒకే పద్ధతి ఉండాలన్నది ఆయన వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కానీ లినక్స్ కెర్నల్ 2.6 వచ్చాక డ్రైవును మామూలు పేరుతోనే, ‘/డెవ్/హెచ్‌డీసీ’ అని పిలిచి సీడీ రైట్ చేసే వీలు కలిగింది. కంప్యూటరుకు ఉన్నదే ఒక్క డ్రైవు, దానికి మూడంకెల విలాసమెందుకని కెర్నల్ వాళ్ల ప్రశ్న. షిల్లింగ్ మెత్తబడలేదు. అలా పేరుతో పిలిస్తే పని జరిగేది, కానీ పనికి ముందు ఒక మందలింపు తెర మీదికి వచ్చేది: ఇలా తెరవడం మా ఉద్దేశం కాదు, దీనికి మా మద్దతు లేదు అని. పని చేసిపెడుతూనే తిట్టే మనిషిని మన ఇళ్లలోనూ చూస్తుంటాం.

ఇంకో సంగతి చెప్పాలి. సీడీ రైట్ అవుతుండగా కంప్యూటరు నుంచి డేటా ఒక్క క్షణం ఆలస్యమైతే డిస్కు పాడైపోయేది. దాన్ని కాపాడే బర్న్‌ఫ్రీ అనే ఏర్పాటు తర్వాతి డ్రైవుల్లోనే వచ్చింది. అయినా సీడీరికార్డ్ దాన్ని డిఫాల్ట్‌గా ఆపేసేది. డ్రైవు తనంతట తాను ఆన్ చేసుకుని ఉన్నా సరే. కావాలన్నవాడు అడిగి వేయించుకోవాలి. మధ్యలో కరెంటు పోతే ఏ సెట్టింగూ కాపాడదనుకోండి, అది వేరే సంగతి.

అసలు గాయం మాత్రం బగ్ రిపోర్టులది. డెబియన్, సూసే, రెడ్‌హ్యాట్ వంటి లినక్స్ పంచే సంస్థలు ఆయన కోడ్‌ను తమకు నచ్చినట్టు మార్చి జనానికి పంచేవి. సీడీ పాడైనవాడు మాత్రం షిల్లింగ్‌కే ఉత్తరం రాసేవాడు. తాను చేయని మార్పుకు తాను జవాబుదారీ కావడం ఏ పనివాడికైనా మంటే. అందుకని కోడ్‌లోనే ఒక షరతు రాశాడు: మార్చినవాళ్లు ఇది అసలుది కాదని తెర మీద చూపించాలి, బగ్ రిపోర్టులు తమకే పంపమని చెప్పాలి, మూలకర్తను విసిగించొద్దనాలి. ఇంతవరకు నేను ఆయన పక్షమే. ఆ వాక్యాలను తీసేయకూడదని పట్టుబట్టడంతోనే చిక్కొచ్చింది. మార్చుకునే హక్కు ఇచ్చి, ఈ నాలుగు వరుసలు మాత్రం ముట్టుకోవద్దంటే అదేం స్వేచ్ఛ అని డెబియన్ వాళ్లు అడిగారు.

2006 మే నెలలో ఆయన తన కోడ్‌లో చాలా భాగాన్ని జీపీఎల్ లైసెన్సు నుంచి తీసి, సన్ కంపెనీ రాసిన సీడీడీఎల్ లైసెన్సు కిందికి మార్చాడు. ఆ రెండు లైసెన్సుల కోడ్ కలిపి పంచడం కుదరదని డెబియన్ వాదన, నిక్షేపంలా కుదురుతుందని ఆయన వాదన. సెప్టెంబరులో డెబియన్ వాళ్లు పాత కోడ్‌ను పట్టుకుని వేరు కాపురం పెట్టారు. పేరు సీడీఆర్‌కిట్. సీడీరికార్డ్ ఉన్నచోట అందులోని వోడిమ్ అనే ప్రోగ్రామ్ వచ్చి కూర్చుంది. వందలాది ఉత్తరాలకు ఒంటరిగా జవాబిచ్చిన మనిషి కోడ్ ఎన్నో కంప్యూటర్ల నుంచి జారిపోయింది.

ఆయన ఊరుకోలేదు. వోడిమ్ తప్పుల తడక అని, చట్టవిరుద్ధమని, సందు దొరికిన ప్రతిచోటా ఏళ్ల తరబడి చెప్పాడు. వినేవాళ్లకు విసుగొచ్చింది. విచారమేమిటంటే, మొదటి సగం పూర్తిగా అబద్ధం కాదు. వేరుపడినవాళ్ల ఉత్సాహం నాలుగేళ్లలో అణగారింది. సీడీఆర్‌కిట్ చివరి విడుదల 2010లోనే. షిల్లింగ్ 2015లో కూడా కొత్త కూర్పు తెచ్చాడు. ఆర్చ్, జెంటూ లాంటి లినక్స్‌లు ఆయన కోడ్‌ను పంచాయి. డెబియన్ మాత్రం తిరిగి గడప తొక్కనివ్వలేదు.

ఈలోగా 2008లో డిస్కు డ్రైవు లేకుండానే మ్యాక్‌బుక్ ఎయిర్ వచ్చింది. అడిగినవాళ్లకల్లా పోస్టులో ఉబుంటు అనే లినక్స్ సీడీలు పంపిన పథకాన్ని 2011లో ఆపేశారు. మన వైపు అంగళ్ల మీద బోర్డులు మారాయి: మెమరీ కార్డులో పాటలు ఎక్కిస్తాం. నీటి వంతుల కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కితే తీర్పు వచ్చేలోపు ఎండిపోయిన బావులు ఈ సీమలో ఎన్ని లేవు!

షిల్లింగ్ 2021 అక్టోబరు 10న కన్నుమూశాడు. వయసు 66. సీడీరికార్డ్‌తో పాటు ఆయన మిగతా ప్రోగ్రాములన్నీ షిలీటూల్స్ అనే ఒకే మూటలో ఉన్నాయి. దాన్ని ఇప్పుడు వేరేవాళ్లు చూసుకుంటున్నారు. బగ్ రిపోర్టులు వాళ్లకే పంపాలి.