కొంచెం జరుగుతారా?



సోలాపూర్ స్టేషనులో జనరల్ పెట్టె ఎక్కే మనిషికి మూడు మాటలు వస్తే చాలు. మరాఠీవారితో ‘జరా సర్‌కా’, కన్నడంవారితో ‘స్వల్ప సరీరి’, మనవాళ్ళతో ‘జర జరుగుండ్రి’. ఏ భాషలో అడిగినా ముగ్గురి బల్ల మీద నాలుగోవాడికి చారెడు చోటు దొరుకుతుంది. ఆ చోటులో సర్దుకున్న అయిదు నిమిషాలకు పక్కనున్నవారు ‘ఎంత దూరం?’ అని అడుగుతారు. ఈ మర్యాద మనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా?

రైల్వే కంపెనీలు నేర్పింది మాత్రం కాదు. బొంబాయి నుంచి ఠాణాకు మొదటి ప్రయాణికుల బండి 1853 ఏప్రిల్ 16న నడిచింది. 1860లో ఆ దారి సోలాపూరుకు వచ్చింది. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు దారితో కలిసింది. అంతకుముందు ఎడ్లబండి మీదో కాలినడకనో వెళ్ళేవారు సాధారణంగా తమవాళ్ళతోనే వెళ్ళేవారు, తమవాళ్ళ ఇంట్లోనే దిగేవారు. రైలు వచ్చి ఎవరెవరినో మోకాలికి మోకాలు తగిలేలా కూర్చోబెట్టింది. డబ్బు కట్టినవారికి టిక్కెట్టు ఇవ్వడం వరకే కంపెనీ పని. లోపల ఎలా కూర్చోవాలో, ఏం మాట్లాడుకోవాలో జనమే తేల్చుకోవలసి వచ్చింది.

మొదట్లో ఆ తేల్చుకోవడం మర్యాదగా ఏమీ లేదు. 1917 సెప్టెంబరులో గాంధీజీ బొంబాయి నుంచి మద్రాసుకు మూడో తరగతిలో వెళ్ళారు. టిక్కెట్టు పదమూడు రూపాయల తొమ్మిది అణాలు. పెట్టె మీద ఇరవై రెండు మందికని రాసి ఉంది. దారిలో రెండు రాత్రులు. పూనా వరకు ఆ సంఖ్య దాటలేదంటే, లోపలున్న ధైర్యవంతులు బయటివాళ్ళను ఎక్కనివ్వకపోవడమే కారణమని ఆయన పత్రికలకు రాశారు. రాయచూరు దాటాక వాళ్ళ వల్ల కూడా కాలేదు. రైల్వే సిబ్బంది వచ్చి ఇంకా కొందరిని లోపలికి నెట్టారట. ఆ బండి మన సోలాపూరు మీదుగా వెళ్ళిందే. అప్పటికి పెట్టెలో మన నేతగాళ్ళు కూడా ఉండి ఉంటారని, వాళ్ళు తలుపు దగ్గర ఏ వైపు నిలబడి ఉంటారో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

తర్వాతి సంగతి క్లుప్తంగా చెబుతాను. 1974లో మూడో తరగతి పోయింది. 1977లో మధు దండవతే రైల్వే మంత్రి అయ్యాక రెండో తరగతి చెక్క బల్లలకు మెత్తలు వచ్చాయి. రిజర్వేషను పెట్టెల్లో చోటుకు నంబరు, ఆ నంబరుకు యజమాని ఏర్పడ్డారు. పగలే మధ్య బెర్తు వేసుకుని పడుకునేవారి వల్ల ఎన్ని తగువులో! చివరికి 2017లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకే పడక అని రైల్వేవారు స్పష్టంగా రాసి ఇచ్చారు.

చోటు సంగతి అలా ఒక దారికి వచ్చింది. మాట సంగతే మిగిలింది. ‘ఎంత దూరం?’ తర్వాత ‘ఏ ఊరు?’ వస్తుంది. ఆ తర్వాత ‘ఇంటిపేరు?’ అంటారు. ఆ మూడోది ఎందుకు అడుగుతామో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒకప్పుడు స్టేషన్లలో హిందువులకు, ముస్లింలకు మంచినీళ్ళు వేరువేరుగా ఉండేవి. బల్ల ఒకటే అయినా చెంబు ఒకటి కాలేదు.

1901లో బాలుడు అంబేద్కర్ తోటి పిల్లలతో కలిసి సతారా నుంచి గోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి బయలుదేరి మసూర్ స్టేషనులో దిగాడు. తీసుకువెళ్ళడానికి ఎవరూ రాలేదు. మంచి బట్టలు వేసుకున్న పిల్లలను చూసి స్టేషను మాస్టరు ఆప్యాయంగానే పలకరించాడు. మీరెవరని అడిగాడు. మహర్లమని చెప్పగానే ఆయన ముఖం మారిపోయి, వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయాడు. బండివాళ్ళు ఎక్కించుకోమన్నారు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకుంటే, బండివాడు పక్కన నడిచి వచ్చేలా కుదిరింది. పెద్దయ్యాక ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయనే ఇదంతా రాసుకున్నారు.

కొన్నేళ్ళ కిందట నేను హైదరాబాదు బండిలో వెళుతున్నాను. కిటికీ దగ్గర కాలేజీ చదివే అమ్మాయి, ఎదురుగా ఒక అవ్వ. అవ్వ అడిగింది, “ఎవరోళ్ళు బిడ్డా మీరు?”

“సోలాపురోళ్ళమే అవ్వా.”

“గది కాదు బిడ్డా. ఎవరోళ్ళని?”

అమ్మాయి కాసేపు కిటికీలోంచి చూసింది. “గంతే అవ్వా,” అంది. మూట విప్పి జొన్నరొట్టె, శేంగా చట్నీ తీసి, సగం రొట్టె తుంచి అవ్వ వైపు చాచింది. అవ్వ ఆ చేతిని చూసింది, నన్ను చూసింది. “ఇప్పుడే తిన్న బిడ్డా,” అంది. సోలాపూరులో ఎక్కినప్పటి నుంచి ఆమె ఏమీ తినలేదు. నిజం చెప్పాలంటే, అదే ప్రశ్న అంతకుముందే నా నాలుక చివరికీ వచ్చింది. నాకు ఇచ్చిన ముక్క మాత్రం తీసుకున్నాను.

తాండూరులో అవ్వ దిగింది. ఆమె సంచి బరువుగా ఉంటే అమ్మాయే లేచి తలుపు దాకా మోసుకొచ్చి కిందికి అందించింది.